సున్నా ఎకరాల పూల్‌సింగ్

యూరియా కావాలంటే రైతు చేయాల్సిన పనులు: ఆధార్ తేవాలి. పాస్‌బుక్ తేవాలి. ఓటీపీ వచ్చే ఫోన్ తేవాలి, ఆ ఫోన్‌కు సిగ్నల్ కూడా తానే తేవాలి. ఆఖరున, తన పొలం ఒక సంఖ్యేనని యాప్ ముందు రుజువు చేసుకోవాలి.

ఈ ఆఖరి పరీక్ష పెట్టిన కోడర్లకు చేతులెత్తి మొక్కుతున్నాను! ఎకరాల గడిలో రాసింది సంఖ్యేనా కాదా అని చూడకపోతే దేశం ఏమైపోవాలి? ఒకరు ‘బాగానే ఉంది’ అని రాస్తారు. ఇంకొకరు ‘వాగు దాకా’ అని రాస్తారు!

చండ్రుగొండ అవతల మా తండాలో మొదటి డిగ్రీ నాది. అందుకే అందరి వివరాలూ యాప్‌లో ఎక్కించే బాధ్యత కూడా నాదే అయింది.

మొన్న పూల్‌సింగ్ కాకా వచ్చాడు. ఆయన మొక్కజొన్న పసుపెక్కుతోంది. ఈ వారం యూరియా పడకపోతే కంకి కట్టదు. పాస్‌బుక్‌లో ఉన్నట్టే 2-15 అని కొట్టాను. రెండెకరాల పదిహేను గుంటలన్నమాట. ‘దయచేసి సరైన సంఖ్య ఇవ్వండి’ అంది యాప్.

ఎంత క్రమశిక్షణ! నడుమ గీత ఉంటే సంఖ్య ఎలా అవుతుంది? యాప్ మనసు తెలుసుకుందామని గీతను ముందుకు జరిపి -3 కొట్టాను. పచ్చ టిక్కు! మైనస్ మూడెకరాలు సాగు చేయొచ్చన్నమాట. 1e5 కొట్టాను. కంప్యూటర్ భాషలో అది లక్ష. మళ్లీ పచ్చ టిక్కు! ఈ అడవి అంచున లక్ష ఎకరాలు ఎక్కడివని ఫారెస్టోళ్లయినా అడగలేదు.

సరే, గుంటల్ని దశాంశ పాయింట్లలోకి మారుద్దామని గడి మొత్తం చెరిపేశాను. ఖాళీ గడికీ పచ్చ టిక్కు పడింది! కాగితం మీద లెక్క వేస్తుండగానే కాకా “పచ్చ పడ్డది బిడ్డా, జల్దీ!” అంటూ తానే బటన్ నొక్కేశాడు.

ఖాళీ అంటే సున్నా అట. సున్నా చక్కని సంఖ్య అట. ‘అభినందనలు! మీకు రావాల్సిన సంచులు: 0.’ ఈ సీజన్‌కు ఇక మార్చడం కుదరదట.

“ఏందే, సంచులేవి?”

“రావు కాకా. నీకు భూమే లేదంటోంది.”

“మరి పొద్దుగాల కోతులను ఎల్లగొట్టొచ్చిన మక్కచేను ఎవనిది?”

తన వంతు కోసం వెనక నిలబడ్డ మోతీ ఊరుకుంటాడా? “నీది కాదంటున్నరు గద అన్నా, రేపటి సంది పడుకో. కోతులకు యాప్ జూపిస్తం!”

అందరూ నవ్వారు. కాకా కూడా నవ్వాడు గానీ పాస్‌బుక్ మాత్రం మడవలేదు. అందులో తన పేరు ఉందో లేదో మళ్లీ నన్నే చదవమన్నాడు.

చదివాను. ఉంది.

యాప్‌ను నేను తప్పుపట్టను. సంఖ్యేనా అని అడగమన్నారు, అడిగింది. నిజమేనా అని అడగమని దానికి ఎవరూ చెప్పలేదు. అడగాల్సిన మనుషులేమో ఆ పని యాప్‌కు అప్పజెప్పి ఇళ్లకు వెళ్లిపోయారు.

కోడ్ రాసే అన్నలారా, అక్కలారా! ఈసారి ఖాళీ గడికి పచ్చ టిక్కు పెట్టేముందు మా పూల్‌సింగ్ కాకాను ఒక్కసారి తలచుకోండి. చేను ఆగదు, కాస్త జల్దీగా తలచుకోండి.