దూడ పోస్టు

ముక్కులో బెంగ మాన్పే పెప్టైడ్ మందు చుక్కలు పడిన దూడలు మర్నాటికల్లా మాట్లాడేవి, అందరికంటే ముందు సూపర్‌వైజరు మంగరాజుకి "థాంక్యూ సార్, మేం బాగానే ఉన్నాం" అని చెప్పేవి.

బొబ్బిలి దగ్గరి ఆ డెయిరీలో దూడని పుట్టినరోజే తల్లి నుంచి విడదీస్తారు. ఇదివరకు అవి సీసా పాలు ముట్టక, అరిచి అరిచి జ్వరం తెచ్చుకునేవి. ఇప్పుడా బెంగ లేదు. మందు తీసేది జున్నుపాల నుంచే. దూడ తాగాల్సిన జున్నుపాలు తీసుకుని అందులో రెండు చుక్కలు దూడకే తిరిగిస్తున్నారంటే, ఎంత ధర్మాత్ములో చూడండి! దూడలూ మేలు మరవలేదు. తల్లి నాకబోతే తలతో మెల్లగా నెట్టి, "డ్యూటీకి వెళ్లండి మేడమ్" అనేవి.

చిక్కల్లా ఆవులతోనే వచ్చింది. దూడ అరవనిదే ఆవు చేపదు, చేపకపోతే పొదుగులోంచి పాలు దిగవు. అందుకని డెయిరీ ఒక దూడ పోస్టు మంజూరు చేసింది. పాకలో నిలబడి అరవడమే పని. మిమిక్రీ కళాకారులొచ్చి గొంతు చించుకున్నా ఆవులు తోక కదపలేదు. పేడ ఎత్తే పైడితల్లి ఒక్కసారి "అంబా" అనేసరికి పాకంతా చేపింది. ఆమె చంటిపిల్లాణ్ణి అత్త దగ్గర వదిలి పనికి వస్తోంది. ఆ అరుపు ఎక్కడి నుంచి వచ్చిందో ఆవులకి తెలిసింది.

పోస్టు దక్కిన పైడితల్లి, దూడల్లాగే చెవికి పసుపు బిళ్ల వేయించుకుని వీధంతా మిఠాయి పంచింది. ఉద్యోగం పర్మనెంటు మరి.

కానీ ఇంట్లో పిల్లాడు ఊరుకోలేదు.

"బాబూ, నాను గడప దాటితే సాలు, మా గుంటడు గుక్కట్టేస్తన్నాడు. కొన్నాల్లు సెలవియ్యండి," అంది మంగరాజుతో.

"సెలవు పెడితే పోస్టు ఇంకొకరికి పోతుందమ్మా. మందుంది కదా, పట్టుకెళ్లు," అన్నాడు మంగరాజు. నిజంగా జాలిపడే అన్నాడు.

సీసా కొంగున కట్టుకుని వెళ్లింది గానీ మూత తీయడానికి చేతులు రాలేదు. పిల్లాడు ఏడ్చి ఏడ్చి గొంతు పోగొట్టుకున్నాక, ఇక చూడలేక వేసింది.

మర్నాడు గడప దాటి ఆగింది. చాప మీద నుంచి నెలల పిల్లాడు అన్నాడు:

"థాంక్యూ మేడమ్. నాను బాగానే ఉన్నాను. మీరు డ్యూటీకి ఎల్లండి."

ఏడుస్తాడేమోనని పైడితల్లి ఇంకాసేపు నిలబడింది. ఏడవలేదు. రవిక మాత్రం పాలతో తడిసింది.

ఆ పూట పాకలో ఆమె పెట్టిన అరుపుకి ఆవులు పలుపుతాళ్లు తెంపుకోబోయాయి. క్యాన్లు నిండిపోయి బకెట్లు తెచ్చారు. మంగరాజు కళ్లు తుడుచుకుని, "నీ రుణం తీర్చుకోలేం పైడితల్లీ," అన్నాడు.

"థాంక్యూ బాబూ. నాను బాగానే ఉన్నాను," అంది పైడితల్లి.

ఆ పాలే పొద్దున్నే మన గుమ్మాల్లోకి వస్తున్నాయి. చిక్కగా ఉంటాయి. మన పిల్లలు తాగి, మూతి తుడుచుకుని, మనకి థాంక్యూ చెప్పి ప్లేస్కూలు వ్యానెక్కుతారు. ఒక్కరూ వెనక్కి తిరిగి చూడరు. మనకి ఎంత హాయిగా ఉందో!