యూరియా రెక్క

ఆ రోజు ఉదయం స్వర్ణ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. యూనిఫాం తొడుక్కోవాలి, నమూనా విమానాన్ని ఒళ్లో పెట్టుకుని త్రిపురారంలో బస్సెక్కాలి, మిర్యాలగూడ కాలేజీ గ్రౌండులో దాన్ని ఎగరేయాలి. ఆమె చేరింది ఎన్‌సీసీ ఎయిర్‌ వింగ్‌లో. పేరుకే గాలి. చేరిన నాటి నుంచీ క్యాడెట్లు నేల మీద కవాతు చేయడం తప్ప మరేం చేయలేదు. ఇప్పుడు పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడు. ఆయన మెచ్చిన ఒక్కరిని హైదరాబాదు క్యాంపుకు పంపి, నిజం విమానంలో ఒక చుట్టు తిప్పుతారు. ఆ ఒక్క చుట్టు కోసమే స్వర్ణ ఇన్నాళ్లూ ఎండలో మాడింది.

విమానం రెక్కలకు కాగితం అంటించే జిగురు కాలేజీలో నిండుకుంటే, తల్లి ఆండాలు చిక్కటి గంజి ఇచ్చింది. రాత్రి గంజితో అంటించి, ఆరడానికి మంచం మీద పెట్టింది స్వర్ణ. గొర్లు కాసుకునే ఇంట్లో అది చేయకూడని పని అని తెల్లారాక తెలిసింది. ఎడమ రెక్క మీద కాగితం పీలిక కూడా లేదు. పక్కనే పొట్టేలు నింపాదిగా నెమరేస్తోంది.

"నాయినా! నా ఇమానం పొట్టేలు తిన్నది!"

"ఒక్క రెక్కనే గదా బిడ్డా, ఏడ్వకు," అన్నాడు బీరయ్య. ఇంట్లో ఉన్న ఖాళీ యూరియా సంచిని కోసి, రెక్క పుల్లల మీద బిగించి కుట్టాడు. దాని మీద యూరియా అనే అక్షరాలు ఇంతింత లావున ఉన్నాయి.

"గీ రాతలు సూస్తే సార్ ఏమంటడు నాయినా?"

"సదువుకుంటడు," అన్నాడు బీరయ్య.

ఆ ఏడు యూరియా దొరకడం గగనమైపోయింది. రైతులు తెల్లారకముందే వచ్చి, తమకు బదులుగా చెప్పులను వరుసలో పెట్టి, పక్కన కూలబడుతున్నారు. అలాంటి రోజుల్లో ఆ రెక్కను బస్సెక్కించడం ఎంత ప్రమాదమో స్వర్ణకు తోచలేదు. పక్క సీటులోని లచ్చిరాం దాన్ని రెప్ప వేయకుండా చూశాడు. రెండెకరాల వరి ఎర్రబడి దిగులు మీదున్న మనిషి.

"ఎవలది బిడ్డా గీ ఇమానం?"

"గౌర్మెంటుదే తాతా. ఇయ్యాల కాలేజీ గ్రౌండ్ల ఎగరేస్తం. పెద్దసారు గూడ వస్తుండు."

గొర్రె తిన్న సంగతి చెప్పుకోలేక ముక్తసరిగా అన్న మాట అది. అన్నీ నిజాలే. లచ్చిరాం మాత్రం వెంటనే తమ్ముడికి ఫోను చేశాడు. "అరేయ్, ఇగ లైన్లు లెవ్వట! యూరియాను ఇమానంతోని పైకెంచి సల్లుతరట! జల్ది రా!" డ్రోనుతో మందు కొట్టడం చూసిన జనానికి అది నమ్మరాని మాటేం కాదు. బస్సు మిర్యాలగూడ చేరేలోపు ఆ కబురు హుజూర్‌నగర్ దాటిపోయింది.

ముసురులో తడుస్తూ క్యాడెట్లు గ్రౌండులోకి వచ్చేసరికి అక్కడ చెప్పుల వరుస గేటు దాకా ఉంది. క్యాడెట్లను చూసుకునే కెమిస్ట్రీ లెక్చరర్ రాజారత్నం సారు వాటిని దాటుకుంటూ గేటు వైపు పరుగెత్తాడు. అంతలో సూర్యాపేట వైపు నుంచి ఆఫీసరు జీపు వచ్చి ఆగింది.

"ఎవరు వీళ్లంతా?" అన్నాడాయన.

"ప్రజలు సార్. ఇమానాలంటే మావోళ్లకు పానం," అన్నాడు రాజారత్నం.

స్వర్ణ రిమోటు నొక్కింది. యూరియా రెక్క గాలిని చక్కగా పట్టింది. విమానం లేచి గ్రౌండు చుట్టూ తిరుగుతుంటే రైతులు తువ్వాళ్లు పరిచారు. లచ్చిరాం గొడుగును తిరగేసి పట్టుకున్నాడు. వాన చినుకులు తప్ప ఏమీ రాలలేదు. బ్యాటరీ అయిపోయి విమానమే వచ్చి ఆ గొడుగులో కూలింది.

"ఉత్త సంచి! మోసం!" అన్నారెవరో. జనం ఒక్కసారిగా మీదికి వచ్చారు. ఏం చేయాలో తోచక స్వర్ణ తనకు వచ్చిన ఒక్క పని చేసింది. గొంతు చించుకుని "సావ్‌ధాన్!" అని అరిచింది. వారాల తరబడి వరుసల్లో నిలబడ్డ కాళ్లు వాటంతటవే లైను కట్టాయి.

"ఇమానంల యూరియా లేదు. గొర్రె రెక్క తింటే సంచితోని కుట్టినం. తప్పు నాదే," అంది స్వర్ణ. ఎవరూ నవ్వలేదు. ఎవరి చెప్పులు వాళ్లు తొడుక్కుని వెళ్లిపోయారు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని ఆమెకు అనిపించింది.

ఆఫీసరు మాత్రం పొంగిపోయాడు. "జనాన్ని ఇట్లా అదుపు చేసే క్యాడెట్‌ను నేను చూడలేదు! ఎరువుల కేంద్రాల దగ్గర లైన్లు చూడడానికి మనవాళ్లను అడుగుతున్నారు. ఈ అమ్మాయిని వేయండి. క్యాంపుకు ఇంకెవరినైనా పంపండి."

ఇంకెవరైనా అంటే తోటి క్యాడెట్ కోదాడ గోపి. మేడ మెట్లెక్కితేనే అతనికి కళ్లు తిరుగుతాయి.

"వచ్చే ఏడు ఎక్కుదువులేమ్మా," అన్నాడు రాజారత్నం.

"వచ్చే ఏడుకు నా డిగ్రీ అయిపోతది సార్."

ఆయన విరిగిన విమానాన్ని బాగు చేయమని మళ్లీ ఆమెకే ఇచ్చాడు.

క్యాంపు జరిగిన రోజున స్వర్ణ త్రిపురారంలో యూరియా లైను ముందు వానలో నిలబడి ఉంది. ఫోను మోగింది.

"ఏమనుకోకు స్వర్ణా," అన్నాడు గోపి నీరసంగా. "ఎక్కినప్పటి నుంచి దిగేదాకా కళ్లు మూసుకునే ఉన్నాను. ఏమీ చూడలేదు."

ఆమెకు ఏడుపొచ్చింది. వానలో తెలియదులే అనుకుని కాసేపు ఏడ్చింది. లైను చివర నిలబడ్డ తండ్రిని ముందుకు పిలవడానికి యూనిఫాం అడ్డొచ్చింది. బీరయ్య వంతు వచ్చేసరికి యూరియా ఖతమైంది.

తండ్రీ కూతుళ్లు ఉత్త చేతులతో ఇంటికి చేరేసరికి, పొట్టేలు కుడి రెక్క కూడా తినేసి, యూరియా రెక్కను మాత్రం ముట్టకుండా వదిలేసింది.