దిష్టి తగిలిన ఎనిమోన్

కాపురాలు బాగుపడాలంటే ప్రతి ఇంట్లోనూ ఒక సీ ఎనిమోన్ ఉండితీరాలి! నవ్వకండి. రాయగడలో హోల్‌సేల్ కిరాణా వ్యాపారి మహేశ్వరరావు ఇల్లు చూశాకే ఈ మాట అంటున్నాను.

ఎనిమోన్ అంటే తెలియని అభాగ్యుల కోసం చెబుతున్నాను. చూడ్డానికి పువ్వు, నిజానికి జంతువు. సముద్రం అడుగున రాయికి పాదం అంటించుకుని, వేళ్లలాంటివి ఊపుకుంటూ బతుకుతుంది. సముద్రమే లేని రాయగడలో దానికేం పని అంటారా? అదేం ప్రశ్న! మహేశ్వరరావు దాన్ని విశాఖపట్నంలో కొని, ఆక్సిజన్ నింపిన కవర్లో పెట్టి, రైల్లో దారిపొడవునా ఒళ్లో కూర్చోబెట్టుకుని తెచ్చాడు. ఆయన భార్య భారతి రెండు సూట్‌కేసులూ ఒక పనసకాయా మోసుకుంటూ వెనకే దిగింది.

ఇక చూడండి వైభోగం! హాల్లో గాజు ట్యాంకు, దాని నీళ్లు ఇరవై ఆరు డిగ్రీలు దాటకూడదని ఏసీ వచ్చాయి. వంటింట్లో ఫ్యాన్ దండగ అన్నది కూడా ఈయనే. కరెంటు పోతే ఇన్వర్టర్ ముందు ట్యాంకుకే. నీళ్లలో ఉప్పెంతుందో రోజుకు మూడుసార్లు దుర్బిణిలాంటి గొట్టంలో చూస్తాడు. పప్పులో ఉప్పు లేకపోయినా ఆయనకు తెలియదు. మూడు తరాలుగా నీచు వాసన ఎరగని ఆ ఇంట్లోకి రొయ్యలు వచ్చాయి. వాటికి వేరే ఫ్రిజ్, దానికి తాళం.

వారానికి రెండుసార్లు రొయ్యముక్క, కుశలప్రశ్న మాత్రం రోజూ! సాయంత్రం కొట్టు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా ట్యాంకు ముందు వంగి, "ఏటమ్మా, తిన్నావా?" అని అడుగుతాడు.

ఆ మాట వంటింట్లో భారతికి వినిపిస్తుంది. పెళ్లయి పన్నెండేళ్లు. తననెన్నిసార్లు అలా అడిగాడో వేళ్లు మడిచి లెక్కపెట్టబోయింది. ఒక్క వేలూ మడవాల్సిన పని పడలేదు.

ఎనిమోన్‌ని చూడ్డానికి వీధి వీధంతా వచ్చింది. ఒకరోజు బ్యాంకు మేనేజరుగారి భార్య "కేతే సుందర్!" అంటూ, ఎంత అందమోనని ఒడియాలో మెచ్చుకుని, కళ్లు పెద్దవి చేసి చూసింది. ఆవిడ గుమ్మం దాటగానే భారతి అత్తగారు బాలామణి లేచింది.

"అమ్మీ, ఆవిడి సూపు మంచిది కాదే. గుప్పెడు ఉప్పు తే."

ఉప్పుతో మూడుసార్లు దిష్టి తీసి, ఆ ఉప్పు నీళ్లలో వేయడం వాళ్ల ఆచారం. కొట్టుకీ, కొత్త వ్యానుకీ అలాగే తీశారు. మరి దగ్గర్లో నీళ్లెక్కడున్నాయి? ట్యాంకులోనే!

"ఉప్పునీళ్లలో ఉప్పేస్తే ఏటవుద్ది?" అంది బాలామణి.

ఏమవుతుంది! ఎనిమోన్ ముడుచుకుని చింతపండు ముద్దయింది. మర్నాడు మహేశ్వరరావు కొట్టు షట్టర్ ఎత్తలేదు. పోయిన వానాకాలం భారతికి నూటమూడు జ్వరమొస్తే గుమస్తా చేత బిళ్లలు పంపిన మనిషి, రెండు రోజులు కొట్టు మూసి, నీళ్లు మార్చి, ట్యాంకు పక్కనే కాపలా కూర్చున్నాడు. ఎంత జాలిగుండె! మూడోరోజుకి ఎనిమోన్ విచ్చుకుని, పాత రాయి వదిలి ఇంకో రాయి మీదకు జరిగింది.

"అది నోరిప్పి సెప్పుకోలేదమ్మా," అని తల్లికి గద్గదంగా వివరించాడు. "ఉన్నచోటు పడకపోతే తనే నెమ్మదిగా జరిగిపోద్ది. మనమే కనిపెట్టుకోవాల."

భారతి ఆ మాట విన్నది. ఆ సాయంత్రమే వంటింట్లోంచి కుర్చీ లాక్కొచ్చి, గోడకీ ట్యాంకుకీ మధ్య సందులో వేసుకుని, ఏసీ చల్లదనంలో హాయిగా కూర్చుంది.

మహేశ్వరరావు పటకారుతో రొయ్యముక్క పట్టుకుని వంగాడు. గాజుకి ఇటు ఆయన, అటు ఆమె, నడుమ ఎనిమోన్.

"ఏటమ్మా, నీరసంగా ఉన్నావు? తిన్నావా?"

"ఇంకా నేదండీ," అంది భారతి.

ఆయన ఉలిక్కిపడ్డాడు. "నిన్ను కాదే!" అన్నాడు. పటకారు నీళ్లలోనే ఉండిపోయింది. నీళ్లలోంచి ఆమె ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత గొంతు తగ్గించి, "ఏటి... నిజంగానే తిన్లేదా?" అన్నాడు.

అందుకే తల్లులారా, మొహమాటపడకుండా ఇంట్లో ఒక ఎనిమోన్‌ని పెట్టించుకోండి. కుర్చీ మాత్రం గాజుకి అవతలి వైపు వేసుకోండి.