కాలు కింద పెట్టరాదు

మనిషి రెండు కాళ్ల మీద నిలబడడం నేర్చి లక్షల ఏళ్లయింది. ఎలా నిలబడితే నిలబడినట్టో మాత్రం డిస్క్ గోల్ఫ్ క్లబ్బు నియమావళి అచ్చయ్యేదాకా తేలలేదు.

ఆట చిన్నదే. గొలుసులు వేలాడే బుట్టలోకి పళ్లెంలాంటి డిస్కు విసరాలి. అది పడిన చోట గుర్తుగా బిళ్ల పెట్టి, దాని వెనక కాలు ఆనించి మళ్లీ విసరాలి. బుట్టకు పది మీటర్ల లోపయితే, విసిరాక తూలకుండా నిలబడి చూపించి, ఆ తర్వాతే ముందుకు అడుగు వేయాలి. దీన్ని బ్యాలెన్సు అంటారు. (ఇంతవరకు పిల్లలు కూడా ఆడగలరు.)

ఎంతసేపు నిలబడాలన్న సందేహం దర్జీగారికి వచ్చింది. ఆయన క్లబ్బులో పాదాల సబ్‌కమిటీ కన్వీనరు. సభ్యుడూ ఆయనే. (కోరం ఒకరు.) దుకాణంలో ఎవరి ప్యాంటయినా పొట్టిదైతే ఆయన టేపును అనరు, కత్తెరను అనరు. "కొలత ఇచ్చేటప్పుడు మీరు సరిగా నిలబడలేదు" అంటారు. ఆయన రాసిన సవరణ ప్రకారం, కలిసి ఆడుతున్న మిగతావాళ్లంతా "చూశాం" అనేదాకా ఆటగాడు విసిరిన భంగిమలోనే ఉండాలి. కదిలితే ఫౌలు, ఆ విసురు లెక్కకు రాదు. ఫౌలని ఒకరు అనాలి, ఇంకొకరు బలపరచాలి.

ఆ సవరణ కింద పోయిన ఏడాది కప్పు పోగొట్టుకున్న మనిషి ఆయన భార్య. ఆవిడ డిస్కు బుట్టలో పడినప్పుడు ఆయన షూ లేసు కట్టుకుంటున్నారు. తలెత్తి చూస్తే ఆవిడ ఇంకా ఒంటికాలి మీద నిలబడే ఉంది. "ఇప్పుడు చూస్తున్నది ఇప్పటి బ్యాలెన్సు. అప్పటిది నేను చూడలేదు" అన్నారు. (పింఛనుదారులకు ఈ తర్కం కొత్త కాదు.) ఆవిడ కాలు దించి, దుకాణానికి వెళ్లి కాజాలు కుట్టుకుంది. కప్పు ఒక పళ్ల డాక్టరుకు వెళ్లింది.

ఈ ఏడాది ఆఖరి బుట్ట దగ్గర ముగ్గురున్నారు. దర్జీగారు, ఆయన భార్య, ఆవిడ తమ్ముడు. ఈ డిస్కు పడితే కప్పు దర్జీగారిది, లేకపోతే భార్యది. కప్పు ఆయనకు ఎన్నడూ రాలేదు. అయినా దుకాణంలో దాని కోసం అర ఒకటి స్వయంగా బిగించుకున్నారు.

బిళ్ల వెనక కుడికాలు ఆనించి, ముందుకు వంగి, ఎడమకాలు వెనక గాల్లోకి లేపి విసిరారు. గొలుసులు గలగలమన్నాయి.

"చూశాను బావా!" అన్నాడు బావమరిది.

భార్య సీసా ఎత్తి నీళ్లు తాగుతోంది.

"ఏమోయ్, చూశావా?"

"పడ్డం విన్నానండీ. మీరు నిలబడ్డం చూళ్లేదు."

"ఇప్పుడు చూడు మరి!"

"ఇప్పుడు చూస్తే ఇప్పటిదే కదండీ."

"అక్కా, పాపం, బావ కాలు వణుకుతోందే."

"అదీ ఇప్పటి వణుకేరా."

కమిటీ తేల్చాలన్నారు దర్జీగారు. కమిటీ సమావేశం క్లబ్బు బల్ల దగ్గరే జరగాలి. బల్ల మైదానం అవతల గదిలో ఉంది. కన్వీనరు వెళ్తే కాలు కదిలినట్టే.

"బల్ల ఇక్కడికి తెమ్మంటావా బావా?"

"తే. కుర్చీ అక్కర్లేదు."

బావమరిది, గడ్డి కోసే మనిషి కలిసి బల్ల మోసుకొచ్చారు. దర్జీగారు దాని మీద చెయ్యి వేయబోయారు.

"ఆనుకుంటే ఆసరా తీసుకున్నట్టండీ" అంది భార్య.

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. (ఆ నిబంధన కూడా ఆయనదే.)

సవరణ రద్దుకు కన్వీనరు ప్రతిపాదించారు. సభ్యుడు ఆమోదించారు. గడ్డి కోసే మనిషి చప్పట్లు కొట్టాడు. భార్య సీసా మూత బిగించింది.

"ఆ రద్దు పోయిన ఏడాదికి కూడానా అండీ?"

దర్జీగారు ఆలోచించారు. కాదంటే, విసరడం అయిపోయాక వచ్చిన రద్దు తన డిస్కుకూ వర్తించదు. అవునంటే, పోయిన ఏడాది ఆవిడ సరిగానే నిలబడిందని ఒప్పుకోవాలి. కత్తెర పట్టిన నాటి నుంచి అలాంటి మాట ఆయన నోట రాలేదు.

"అవునను బావా! ఒక్క మాట, కప్పు నీదే!"

"అప్పుడు నువ్వు..." అని మొదలుపెట్టారు దర్జీగారు. "అప్పుడు నువ్వు కాస్త పక్కకి ఒరిగావేమోనని..."

మాట పూర్తి కాలేదు. ఎడమకాలు వచ్చి బిళ్లకు ముందు నేల మీద పడింది.

"ఫౌలు బావా" అన్నాడు బావమరిది, ఎటో చూస్తూ.

"బలపరుస్తున్నాను" అంది భార్య. "ఇది మాత్రం కళ్లారా చూశాను."

ఆ సాయంత్రం ఆవిడ కప్పు తెచ్చి దుకాణంలో ఆయన బిగించిన అర మీద పెట్టింది. పెట్టగానే అది ఒక పక్కకు ఒరిగింది.

దర్జీగారు టేపు తీసి అరను కొలవలేదు. కప్పు వైపు చూసి, "సరిగా నిలబడలేదు" అన్నారు.