బాత్రూములో ఇంజను బ్లాకు

ఆ ఉదయం లిఫ్టుల మెకానిక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంట్లో రెండు ఇంజను బ్లాకులున్నాయి, అంటే సిలిండర్లుండే ఖాళీ ఇంజను దిమ్మలు. సాయంత్రం ఐదింటిలోగా ఒకటి ఉంచుకుని, రెండోది అమ్మినవాడికి తిరిగి ఇచ్చెయ్యాలి. వరండాలో ఉన్నది పాత అంబులెన్సుది, ఇనపది, తుప్పు పట్టి ఉంది, ముగ్గురు పట్టుకుంటే తప్ప కదలదు. హాల్లో ఉన్నది అల్యూమినియంది. తళతళలాడుతోంది, తేలిక, ధర మాత్రం నాలుగింతలు. ఆరు వందల హార్స్‌పవర్‌తో పందెం కారు కట్టాలన్నది అతని కల. నాలుగేళ్ళుగా కూడబెట్టినదంతా ఆ తళతళకే సరిపోతుంది.

"ఏది ఉంచుకున్నా నాకు అభ్యంతరం లేదండీ," అంది భార్య మందుల షాపులో పనికి బయల్దేరుతూ. "నేనొచ్చేసరికి ఇంట్లో ఒకటే ఉండాలి. కిందటేడులా ఈ ఇంజను కూడా పగిలిందంటే కారు అమ్మేద్దాం. ఆ మాట మీరే అన్నారు."

అన్నది నిజమే. అందుకే అతని మనసు కొత్తగా కనిపించే అల్యూమినియం వైపే లాగింది. దాన్ని బాత్రూములోకి ఈడ్చుకెళ్ళి, గిన్నెల సబ్బుతో శుభ్రంగా తోముతుండగా ఫోను మోగింది. ఎక్కడో లిఫ్టులో ఒక పళ్ళ డాక్టరూ, ఆయన దగ్గరికి వచ్చిన పేషెంటూ ఇరుక్కుపోయారట.

"మావయ్యగారూ, గంటలో వచ్చేస్తాను. బాత్రూములో ఉన్నదాని జోలికి మాత్రం వెళ్ళకండి," అని ఇంట్లో ఉన్న మావగారికి చెప్పి పరుగెత్తాడు.

మావగారు నీళ్ళ గొట్టాల ఫిట్టరుగా రిటైరైన మనిషి. ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో గాలి కొట్టి లీకు ఉందేమో చూడకుండా ఒక్క గొట్టాన్ని కూడా భూమిలో దించనివ్వలేదు. అయినా అరగంట పాటు నిజాయితీగా పేపరు చదువుకున్నారు. ఆ తర్వాత స్నానం గుర్తొచ్చింది. అడ్డంగా ఉన్నదాన్ని కాస్త జరుపుదామని కింది వాటాలో ఉండే దర్జీని పిలిచారు. ఇద్దరూ కలిసి నెట్టారు. నేలంతా సబ్బు కావడంతో బ్లాకు సర్రున జారి వెళ్ళి కుళాయిని కొట్టింది, కుళాయి ఊడొచ్చింది. నీళ్ళు పోయే కన్నానికి తోముడుగుడ్డ అడ్డుపడింది. మావగారు గొట్టానికి చెక్క బిరడా కొట్టేలోపు నీళ్ళు హాలు దాటి మెట్లు దిగాయి. దర్జీ తను కుట్టిన కోట్లను కాపాడుకోవడానికి కిందికి దౌడు తీశాడు.

ఒంటరిగా మిగిలిన మావగారు బ్లాకు వంక చూశారు. దాని నిండా కన్నాలు. పాత అలవాటు ఒళ్ళు విరుచుకుని లేచింది.

మెకానిక్ తిరిగొచ్చేసరికి దర్జీ స్టూలెక్కి, కోట్లు నెత్తిన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. పైకి వెళ్తే, వంటింట్లో కూరగాయలు తరిగే చెక్కని రెండు ముక్కలు చేసి, సైకిలు ట్యూబు ముక్కలతో బ్లాకు కన్నాలన్నీ మూసేసి ఉన్నాయి. మావగారు పంట్లాం మోకాళ్ళ దాకా మడిచి సైకిలు పంపుతో దానికి గాలి కొడుతున్నారు.

"కొంప ముంచేశారు మావయ్యగారూ," అన్నాడు. మాటవరసకి అన్నది కాదు, నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి.

"ముంచింది కుళాయి. నువ్విటు చూడు బాబూ."

సబ్బు నురగలోంచి, రెండో సిలిండరుకీ మూడోదానికీ మధ్య, వరసగా చిన్న చిన్న బుడగలు వస్తున్నాయి.

"మీరు కదిపినప్పుడు పగిలింది," అన్నాడు అతను నీరుగారిపోయి.

మావగారు స్క్రూడ్రైవరుతో అక్కడి రంగు గీకారు. తళతళ కింద పాత అతుకు, దాని మీద లప్పం బయటపడ్డాయి. "ఈ అతుకు నేను పెట్టింది కాదు. బాగా ముస్తాబు చేసి నీకు అంటగట్టారు."

అతను ఆ నీళ్ళలోనే చతికిలబడ్డాడు. ఇది కారులో ఎక్కించి ఉంటే మొదటి పందెంలోనే నాలుగేళ్ళ కష్టం పొగైపోయేది. తర్వాత మావగారి సబ్బు చేతులు రెండూ పట్టుకుని, "మీ మేలు మర్చిపోను మావయ్యగారూ. జోలికి వెళ్ళొద్దన్నందుకు క్షమించండి," అన్నాడు.

"పంపు పారెయ్యమని మా అమ్మాయి రెండేళ్ళ నుంచి పోరుతోంది," అన్నారు ఆయన, కళ్ళు తుడుచుకుంటూ. "ఆ ఇనపదాన్ని కూడా ఇలా తీసుకురా."

ఉత్సాహంలో బరువు తెలియలేదు. దర్జీని మళ్ళీ పిలిచి, ముగ్గురూ ఇనప బ్లాకుని బాత్రూములోకి మోసుకొచ్చారు. అవే చెక్కలు, అదే సబ్బు, అదే పంపు. చేతులు పడిపోయేదాకా గాలి కొట్టినా ఒక్క బుడగ రాలేదు. అల్యూమినియందాన్ని ఆటోలో వేసుకెళ్ళి అతుకు చూపించగానే, అమ్మినవాడు కిక్కురుమనకుండా డబ్బు తిరిగిచ్చేశాడు. మిగిలినదాంట్లో పిస్టన్లు వస్తాయి, దర్జీ కోట్లు ఇస్త్రీ అవుతాయి, కొత్త కుళాయి కూడా వస్తుంది.

ఐదింటికి భార్య వచ్చి, తడి మెట్లు ఎక్కి, ఇల్లంతా కలయజూసి, బాత్రూము గుమ్మంలో ఆగింది.

"ఒకటే ఉంది. సంతోషం," అంది. "ఇది బయటికి ఎప్పుడొస్తుంది?"

ముగ్గురు మగవాళ్ళూ తమ నడుములు పట్టుకుని ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

ఆ వారమంతా ఆ ఇంటిల్లిపాదీ దర్జీ ఇంట్లోనే స్నానాలు చేశారు.