దేవవ్వ ఫోన్‌కు విముక్తి

మా ఎల్లారెడ్డి ఊరి చరిత్రలో ఇది బంగారు అక్షరాలతో రాయదగ్గ శుక్రవారమని పార్టీ మండల అధ్యక్షుడు సిద్దిరాములు గారు ప్రకటించారు. ఆయన ప్రకటించాక కాదనడానికి నేనెవరిని? కామారెడ్డిలో అచ్చయ్యే ఓ దినపత్రికకు ఇక్కడి విలేకరిని, అంతే.

పథకం పేరు 'గల్ఫ్ ఫోన్ల విముక్తి'. దుబాయిలో కొన్న కొన్ని పాత ఫోన్లు అక్కడి కంపెనీ సిమ్ తప్ప మరొకటి ఒప్పుకోవు. మన సిమ్ వేస్తే కోడ్ అడుగుతాయి. కామారెడ్డి స్టేషన్ రోడ్డులో మొబైల్ షాపు నడిపే త్రివేణి ఆ కోడ్ తెప్పించి, టీ చల్లారేలోపు పని ముగిస్తుంది. కానీ టీ చల్లారేలోపు అయిపోయే పనికి సభ ఎలా పెడతారు? అందుకే ఆమెనే ఎల్లారెడ్డికి పిలిపించారు.

మొదటి లబ్ధిదారు దేవవ్వ. దుబాయిలో ఉన్న కొడుకు బీరయ్య, సెలవుకు వచ్చినప్పుడు తన పాత ఫోన్ ఆమెకిచ్చి వెళ్లాడు. అది మోగదు. కొడుకు చేసే ఫోన్ కోసం ఆమె, అతనికి సెలవైన ప్రతి శుక్రవారం, పక్కింటి గంగ గడప దగ్గర నిలబడుతుంది.

"మంది ముంగట కొడుకుతోని ఏం మాట్లాడుత సారూ? ఒక్కసారన్న నా ఇంట్ల కూసోని మనసునిండ మాట్లాడాలె" అంది నాతో.

డప్పులయ్యాయి. శాలువాలయ్యాయి. కొబ్బరికాయ అయింది. త్రివేణి భయపడుతూ చెప్పింది.

"ఐదుసార్లు తప్పు కొడితే ఫోన్ ఎన్నటికీ తెరుసుకోదు సార్. నేను కొడుత."

"ఐదు చాన్సులా? ప్రజలు మాకు ఒక్కటే ఇస్తరు బిడ్డా" అని సిద్దిరాములు గారు ఆమెను పక్కన నిలబెట్టారు.

కోడ్‌లో అంకెలు ఎనిమిది. వేదిక మీద నాయకులు పదకొండు మంది. ఎవరినీ నొప్పించకూడదని అందరూ తలా ఒకటి నొక్కారు. తప్పు. ఈసారి ఎనిమిది మందినే పిలిస్తే, ఉపాధ్యక్షుడు హరిచంద్ గారు తన వంతుకు వచ్చిన అంకె చూసి "ఎనిమిది నాకు అచ్చిరాదు" అని ఏడు నొక్కారు. ఆయన మాట నిలకడ గల మనిషి, మూడోసారీ ఏడే నొక్కారు. నాలుగోసారి ఫొటో సరిగా పడలేదని అధ్యక్షుల వారు తన అంకె మళ్లీ నొక్కారు. ఐదోసారి ఎవరు ముందన్న విషయంలో తోపులాట జరిగి, ఎవరి వేళ్లో ఏవో అంకెలు నొక్కేశాయి.

త్రివేణి స్క్రీన్ చూసి, కోడ్ రాసిన చీటీ సంచిలో పెట్టుకుంది.

"అయిపాయె సార్. ఇగ తెరుసుకోదు."

"గది మైకుల చెప్పకు" అన్నారు సిద్దిరాములు గారు.

నాయకత్వమంటే ఏమిటో అప్పుడు చూశాను. ఆయన ఆ ఫోన్ చెవికి పెట్టుకున్నారు.

"హలో, బీరయ్యా? ఆఁ, మేమే. గదేంలేదు తమ్మీ, అంత పార్టీ దయ."

చప్పట్లు మోగాయి. ఫొటో బ్రహ్మాండంగా వచ్చింది. దేవవ్వ కొంగుతో చేతులు తుడుచుకుని వేదిక ఎక్కింది.

"జర నాకియ్యి సారూ."

"లైన్ కట్టయింది అవ్వా. మంచిగనే ఉన్నడు. నిన్ను అడిగిండు."

దేవవ్వ ఏడ్చింది. నేను 'ఆనందబాష్పాలు' అని రాసి, ఫొటోతో సహా వార్త పంపేశాను.

ఇంతలో గంగ జనాన్ని తోసుకుంటూ వచ్చి, తన ఫోన్ స్పీకర్ ఆన్ చేసి ఆమె చేతిలో పెట్టింది. "అవ్వా, బీరన్న లైన్ల ఉన్నడు."

"మల్ల చేసినవా బిడ్డా? ఇప్పుడే గద సార్‌తోని మాట్లాడినవు" అంది దేవవ్వ. మైకు ఆమె పక్కనే ఉంది.

"ఏ సార్ అవ్వా? నేను ఇప్పుడే నిద్రలేసిన."

సిద్దిరాములు గారు డప్పులవాళ్లకు గట్టిగా కొట్టమని సైగ చేశారు.