సింగపూర్‌లో ఉన్న కిరణ్ పాల్

చచ్చిపోయినవాడిని మించిన మోడల్ ఈ భూమ్మీద లేడు! జీతం అడగడు. లావెక్కడు. తెల్లారేసరికి పక్క ఇన్‌స్టిట్యూట్ బోర్డు మీద ప్రత్యక్షం కాడు. మాదాపూర్‌లో కంప్యూటర్ కోర్సులు చెప్పే భీమేశ్వరరావు ఈ సత్యాన్ని 1999లోనే కనిపెట్టాడంటే, మెచ్చుకోవద్దూ?

కిరణ్ పాల్ ఆయన దగ్గర కోబాల్ నేర్చుకుంటూ, కోర్సు సగంలో ఉండగా పచ్చకామెర్లతో పోయాడు. ఐడీ కార్డుకని ఇచ్చిన ఫోటో మాత్రం ఇన్‌స్టిట్యూట్‌లోనే ఉండిపోయింది. పెయింటర్ ఓదెలు దాన్ని చూసి, సైబర్ టవర్స్ దారిలో తగరపు బోర్డు మీద నిలువెత్తు బొమ్మ వేశాడు. టై కూడా కట్టాడు. కింద అక్షరాలు: 'కిరణ్ పాల్ ఇప్పుడు సింగపూర్‌లో! మరి మీరు?'

దవాఖానలో నర్సుగా చేసే కిరణ్ పాల్ భార్య రెబెక్కా వచ్చింది.

"సార్, జర ఆ బోర్డు దించుండ్రి. నీ మొగుడు నిన్నిడిసిపెట్టి సింగపూర్ పోయిండట గదా అని మా నల్లగండ్ల మొత్తం అడుగుతున్రు. సమాధి చూపిస్తనంటే నవ్వుతున్రు."

భీమేశ్వరరావు ఎంతో ఓర్పుగా చెప్పాడు. "ప్రైవసీ అనేది మనిషితోపాటే పోతుందండి. లాయర్ని కనుక్కునే చెబుతున్నాను. అభ్యంతరం ఉంటే మీవారే వచ్చి చెప్పాలి. మధ్యలో మీరెవరండి?"

ఎంత న్యాయం! బతికున్నవాడి బొమ్మ వేయాలంటే బతిమాలాలి. పోయినవాడితో ఆ పరేషాన్ ఉందా? పైగా సగం కోర్సుకే ఫారిన్ ఉద్యోగం ఇచ్చిన ఇన్‌స్టిట్యూట్ ఇంకొకటి చూపించండి!

రెబెక్కా తిన్నగా ఓదెలు దగ్గరికి వెళ్లింది.

"అన్నా, మీ ఇండ్లల్ల పోయినోళ్ల ఫోటోకు ఏం జేస్తరు?"

"దండేసి బొట్టు పెడ్తం చెల్లె. మీ కిరస్తానపోళ్లల్ల గా పద్ధతి లేదు గదా?"

"లేదు. అయినా పెట్టు. చూసినోళ్లకు తెల్వాలె."

ఓదెలు నిచ్చెనెక్కాడు. మెడలో బంతిపూల దండ, నుదుట బొట్టు, పక్కన దీపం గీశాడు. మధ్యాహ్నం అడ్మిషన్‌కని వచ్చినవాళ్లు బోర్డు చూసి, దిగిన బస్సే మళ్లీ ఎక్కారు.

భీమేశ్వరరావు స్టేషన్‌కు పరిగెత్తాడు. అప్పుడు చట్టం ఒళ్లు విరుచుకుని లేచింది! మనిషి ముఖానికి దొరకని సెక్షన్ బోర్డుకు క్షణంలో దొరికింది. రెబెక్కా మీదా, ఓదెలు మీదా కేసు. బోర్డు సాక్ష్యం కాబట్టి ఊడదీసి స్టేషన్‌కు తెచ్చారు.

"ఏడ సంతకం పెట్టాలె సార్?" అని రెబెక్కానే తొందరపెట్టింది.

బొట్టు పెట్టుకుని బొమ్మ అలా నవ్వుతుంటే అన్నం సహించడం లేదని హెడ్ కానిస్టేబుల్ కొమురయ్య బోర్డును గోడవైపు తిప్పేశాడు.

చచ్చాక కిరణ్ పాల్‌కు దొరికిన ప్రైవసీ అదొక్కటే. తగరానికి అన్యాయం జరగబట్టి అదైనా దక్కింది!